కంపెనీ న్యూజెర్సీలో, నేను షార్లెట్‌లో: డబ్ల్యూ-2 మీద తప్పు స్టేట్ పడింది, ఏం ఫైల్ చేయాలి?

షార్లెట్‌లో సిక్కోలు | ఫిబ్రవరి 11, 2024, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నేను హెచ్-1బి మీద ఒక కన్సల్టెన్సీలో పనిచేస్తున్నాను. కంపెనీ ఆఫీసు న్యూజెర్సీలో ఉంది, ఆ ఆఫీసులో నేను ఇంతవరకు అడుగు పెట్టలేదు. 2023 మార్చి మధ్య వరకు డల్లాస్‌లో ఒక క్లయింట్ దగ్గర చేశాను, ఆ ప్రాజెక్ట్ అయిపోయాక మార్చి 20 నుంచి షార్లెట్‌లో ఇంకో క్లయింట్, వారంలో నాలుగు రోజులు ఆఫీసుకే వెళ్తాను. అపార్ట్‌మెంట్ లీజు, డ్రైవింగ్ లైసెన్స్, పాప స్కూలు అన్నీ ఇక్కడే.

నిన్న డబ్ల్యూ-2 (ఏడాది జీతం, అందులో కట్ అయిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) వచ్చింది. ఫెడరల్ పూర్తి చేసి స్టేట్ దగ్గరకి వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ న్యూజెర్సీ రిటర్న్ అడుగుతోంది, నార్త్ కరోలినా ఊసే లేదు. అప్పుడు డబ్ల్యూ-2 సరిగ్గా చూశాను. బాక్స్ 15లో ఎన్‌జే, అంటే న్యూజెర్సీ. బాక్స్ 16లో ఏడాది జీతం మొత్తం, లక్షా 4 వేల డాలర్లు. బాక్స్ 17లో 3,940 కట్ అయినట్టు ఉంది. నార్త్ కరోలినా పేరుతో ఒక్క డాలర్ కూడా లేదు. రెండు వారాలకోసారి పేస్టబ్ (జీతం చీటీ) వస్తూనే ఉంది, అకౌంట్లో పడిన డబ్బు చూసుకున్నానే తప్ప పైన ఏ స్టేట్ అని ఉందో ఏనాడూ చదవలేదు.

ఇప్పుడు నేను న్యూజెర్సీకి ఫైల్ చేయాలా, నార్త్ కరోలినాకి చేయాలా, రెండింటికీనా? వీసా వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి కంపెనీని గట్టిగా అడగాలంటే భయంగా ఉంది. మా ఆవిడకి ఐటిఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్ళకి ఇచ్చే పన్ను నంబర్) ఉంది, జాయింట్‌గానే ఫైల్ చేస్తాం.

---

పెన్నా తీరం | ఫిబ్రవరి 11, 2024, రాత్రి 11:15

బ్రో, టెన్షన్ పడకు. ఏదో ఒక స్టేట్‌కి పన్ను వెళ్ళిందిగా. డబ్ల్యూ-2లో ఏముందో అదే ఫైల్ చేసెయ్. నేను రెండేళ్ళు అలాగే చేశాను, ఎవరూ అడగలేదు. కంపెనీని కదిపితే లేనిపోని తలనొప్పి.

---

ఎడిసన్ అక్క | ఫిబ్రవరి 12, 2024, ఉదయం 7:05

తమ్ముడూ, పై సలహా మాత్రం పాటించకు. ఆయన మంచికే చెప్పాడు, కానీ ఇది తర్వాత మెడకి చుట్టుకుంటుంది.

స్టేట్ పన్నుకి చూసేవి రెండే: నువ్వు ఎక్కడ ఉంటున్నావు, ఎక్కడ కూర్చుని పని చేశావు. నీ కంపెనీ బోర్డు ఏ ఊళ్ళో ఉందన్నది జీతం మీద పన్నుకి మామూలుగా లెక్కలోకి రాదు (న్యూయార్క్ సంగతి వేరు, అది ఎవరైనా అడిగితే రాస్తాను). నువ్వు న్యూజెర్సీలో ఉండలేదు, ఒక్క రోజు కూడా అక్కడ పని చేయలేదు. అంటే న్యూజెర్సీకి నువ్వు బాకీ పడింది సున్నా. టెక్సాస్‌లో జీతం మీద స్టేట్ పన్నే లేదు. మార్చి 20 నుంచి సంపాదించిన దానికి నార్త్ కరోలినాకి కట్టాలి.

కాబట్టి రెండు రిటర్న్‌లు. న్యూజెర్సీకి నాన్‌రెసిడెంట్ ఫారం ఎన్‌జే-1040ఎన్‌ఆర్, న్యూజెర్సీ ఆదాయం సున్నా అని చూపించి 3,940 వెనక్కి అడగడానికి. నార్త్ కరోలినాకి డి-400, దానితో పాటు ఏడాదిలో కొంతకాలమే ఉన్నవాళ్ళ కోసం పీఎన్ షెడ్యూల్. నీ జేబులోంచి తప్పుడు చోటికి వెళ్ళిన డబ్బు అది, వదులుకోవద్దు.

ఒక మాట చెప్పు. షార్లెట్‌కి మారినప్పుడు హెచ్-1బి అమెండ్‌మెంట్ (పని చోటు మారిందని వీసా కాగితాల్లో సవరణ) వేశారా?

---

షార్లెట్‌లో సిక్కోలు | ఫిబ్రవరి 12, 2024, ఉదయం 8:20

వేశారక్కా. ఎల్‌సీఏలో (వీసా కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చే కాగితం) షార్లెట్ క్లయింట్ అడ్రసే ఉంది, కాపీ నా దగ్గర ఉంది.

---

ఎడిసన్ అక్క | ఫిబ్రవరి 12, 2024, ఉదయం 8:31

అయితే నీ చేతిలో బలమైన కాగితమే ఉంది. ఫలానా చోట పని చేస్తాడని లేబర్ డిపార్ట్‌మెంట్‌కి నీ కంపెనీయే రాసిచ్చింది. పేరోల్ మాత్రం వేరే స్టేట్‌లో నడిపింది. దాన్ని సరిచేయమని అడగడానికి నువ్వు భయపడాల్సిన పని లేదు, సరిచేస్తే వాళ్ళకీ మంచిదే.

---

పాత ర్యాలీ కాపు | ఫిబ్రవరి 12, 2024, మధ్యాహ్నం 12:50

"ఎవరూ అడగలేదు" అన్న సోదరుడి కోసం నా అనుభవం రాస్తున్నాను.

నాకూ అచ్చంగా ఇదే జరిగింది, అప్పుడు ర్యాలీలో ఉండేవాణ్ణి. నేనూ డబ్ల్యూ-2లో ఉన్నదే వేసి ఊరుకున్నాను. రెండేళ్ళు దాటాక ఒక సాయంత్రం మెయిల్‌బాక్స్‌లో స్టేట్ రెవెన్యూ వాళ్ళ కవరు. మీరు మా స్టేట్ అడ్రస్‌తో ఫెడరల్ రిటర్న్ వేశారు, మాకు రిటర్న్ ఏదీ రాలేదు, వివరణ ఇవ్వండి అని. ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్ను శాఖ) దగ్గర ఉన్న సమాచారం స్టేట్‌లతో పంచుకుంటారన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

పన్నుకి పైన పెనాల్టీ, దాని పైన వడ్డీ. నార్త్ కరోలినాలో పన్ను బాకీ ఉండి రిటర్న్ ఆలస్యం చేస్తే నెలకి 5 శాతం చొప్పున 25 శాతం దాకా వేస్తారు. అప్పటికి నేను కంపెనీ మారిపోయాను, పాత కంపెనీ వాళ్ళు ఫోన్ కూడా ఎత్తలేదు. ఉత్తరం ఇచ్చేవాళ్ళు లేక తప్పు స్టేట్ నుంచి డబ్బు రప్పించుకోవడానికి నానా పాట్లు పడ్డాను. నువ్వు ఇంకా అదే కంపెనీలో ఉండగానే పట్టుకున్నావు, ఇప్పుడే ఆ కాగితం తీసుకో.

---

పెన్నా తీరం | ఫిబ్రవరి 12, 2024, సాయంత్రం 6:10

అన్నా, నిజంగా నాకు ఇది తెలియదు. నా పోస్ట్ చూసి ఎవరూ అలా చేయకండి. నావి 2021, 2022 రిటర్న్‌లు. ఇప్పుడు సరిచేసుకోవచ్చా?

---

పాత ర్యాలీ కాపు | ఫిబ్రవరి 12, 2024, రాత్రి 9:00

చేసుకోవచ్చు, వాళ్ళ ఉత్తరం రాకముందే చేసుకో. ఉన్న స్టేట్‌కి పాత రిటర్న్‌లు ఇప్పుడు వెయ్యి, తప్పు స్టేట్‌కి అమెండెడ్ రిటర్న్ వేసి రిఫండ్ అడుగు. రిఫండ్ అడగడానికి గడువు ఉంటుంది, చాలా స్టేట్‌లలో మూడేళ్ళు. బాకీ విషయంలో మాత్రం అసలు రిటర్నే వేయకపోతే వాళ్ళు ఎన్నేళ్ళ తర్వాతైనా అడగవచ్చు. ఇవ్వాల్సిన వైపు గడువు లేదు, రావాల్సిన వైపు ఉంది. అందుకే 2021 ముందు చూసుకో.

---

గోదావరి గట్టు | ఫిబ్రవరి 13, 2024, ఉదయం 9:45

ఇంత అవసరమా? నార్త్ కరోలినా రిటర్న్‌లో వేరే స్టేట్‌కి కట్టిన పన్నుకి క్రెడిట్ ఉంటుంది కదా, డి-400టీసీ అని. న్యూజెర్సీకి వెళ్ళిన 3,940 అక్కడ క్రెడిట్ తీసుకుంటే సరిపోతుంది.

---

ఎడిసన్ అక్క | ఫిబ్రవరి 13, 2024, మధ్యాహ్నం 1:15

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆ క్రెడిట్, వేరే స్టేట్‌కి న్యాయంగా బాకీ పడి కట్టిన పన్నుకి మాత్రమే. పేరోల్ వాళ్ళు పొరపాటున కట్ చేసినది బాకీ కిందకి రాదు. ఇతనికి న్యూజెర్సీలో బాకీ సున్నా, అందుకని క్రెడిట్ కూడా సున్నా. కట్ అయిన మొత్తం వేరు, నిజంగా పడిన పన్ను వేరు.

సరైన క్రెడిట్‌కి ఉదాహరణ మా ఇంట్లోనే ఉంది. మావారు ఎడిసన్ నుంచి రైలెక్కి మాన్‌హాటన్ వెళ్ళి పని చేస్తారు. పని అక్కడ కాబట్టి న్యూయార్క్‌కి నాన్‌రెసిడెంట్ ఫారం ఐటీ-203. ఇల్లు ఇక్కడ కాబట్టి న్యూజెర్సీకి రెసిడెంట్ ఫారం ఎన్‌జే-1040, అందులో న్యూయార్క్‌కి పడిన పన్నుకి క్రెడిట్. సాఫ్ట్‌వేర్‌లో ముందు నాన్‌రెసిడెంట్ స్టేట్, ఆ తర్వాత సొంత స్టేట్ చేయాలి. తిరగేసి చేస్తే క్రెడిట్ లెక్క తప్పుతుంది. పెళ్ళయిన కొత్తలో మేము తిరగేసి చేసి, రెండు స్టేట్‌లకీ నిండా కట్టాలని చూపిస్తే రాత్రంతా నిద్రపోలేదు.

ఇంకోటి, డబ్ల్యూ-2లో న్యూజెర్సీ జీతం ఫెడరల్ జీతం కంటే ఎక్కువ కనిపిస్తే కంగారు పడకండి. మెడికల్ ఇన్సూరెన్స్‌కి జీతంలోంచి పోయే ప్రీమియం ఫెడరల్‌లో తీసేస్తారు, న్యూజెర్సీ తీయదు.

---

ఫ్రిస్కో వాసి | ఫిబ్రవరి 13, 2024, రాత్రి 8:30

అక్కా, న్యూయార్క్ సంగతి వేరు అన్నారు కదా, అది నా తలనొప్పే. నేను ఇల్లు కొనుక్కుని టెక్సాస్‌లో ఉంటున్నాను, స్టేట్ టాక్స్ ఉండదు కదా అనే వచ్చాం. కంపెనీ న్యూయార్క్‌ది, ఇంటి నుంచే పని. ఏడాదంతా న్యూయార్క్ పన్ను కట్ చేశారు. మీరు చెప్పిన లెక్క ప్రకారం నాకూ మొత్తం వెనక్కి రావాలి కదా?

---

ఎడిసన్ అక్క | ఫిబ్రవరి 13, 2024, రాత్రి 10:05

మీకు అంత తేలిక కాదండీ. మీ ఆఫీసు న్యూయార్క్‌లో అని ఉండి, మీ సౌకర్యం కోసం ఇంటి నుంచి పని చేస్తుంటే, ఆ రోజుల్ని కూడా న్యూయార్క్ తన రోజులుగానే లెక్కేస్తుంది. పని స్వభావం వల్ల కంపెనీయే తప్పనిసరిగా బయట పెట్టిందని చూపించగలగాలి. టెక్సాస్‌లో పన్ను లేదు కాబట్టి అక్కడ క్రెడిట్ తీసుకునే దారీ లేదు, ఆ డబ్బు పోయినట్టే. ముందు ఆఫర్ లెటర్‌లో మీ వర్క్ లొకేషన్ ఏదని రాశారో చూడండి. అందులో న్యూయార్క్ ఆఫీసు అని లేకపోతే మంచి సీపీఏ (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్) దగ్గరకి వెళ్ళండి, ఇది సొంతంగా చేసుకునేది కాదు.

---

లైబ్రరీ వాలంటీర్ | ఫిబ్రవరి 14, 2024, ఉదయం 6:50

ఏటా సీజన్‌లో లైబ్రరీలో వాలంటీర్‌గా రిటర్న్‌లు చేస్తుంటాను. షార్లెట్ సోదరుడి లెక్క ఉజ్జాయింపుగా వేసి చూపిస్తాను. మార్చి 20 తర్వాత జీతం ఎంతో పేస్టబ్‌ల నుంచి కూడండి. 41 వారాలు కాబట్టి 82 వేలు అనుకుందాం.

మొత్తం ఆదాయం 1,04,000. నార్త్ కరోలినా స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేయకముందు ఆదాయంలోంచి తీసేసే స్థిరమైన మొత్తం) జాయింట్‌గా 25,500. మిగిలింది 78,500. మొత్తం ఆదాయంలో షార్లెట్ వాటా 82,000, అంటే 78.85 శాతం. 78,500లో అంత శాతం తీస్తే 61,900 దగ్గర వస్తుంది. 2023కి అక్కడ రేటు అందరికీ ఒకటే, 4.75 శాతం. అంటే 2,940 డాలర్లు. (పాప ఉంది కాబట్టి చైల్డ్ డిడక్షన్ వర్తిస్తే ఇంకొంచెం తగ్గుతుంది.)

న్యూజెర్సీ నుంచి 3,940 వస్తుంది, ఇక్కడ 2,940 లోపు కట్టాలి. చివరికి వెయ్యి మిగులుతుంది. చిక్కు ఏంటంటే కట్టాల్సింది ఏప్రిల్ 15కి, వచ్చేది నెలల తర్వాత. "రిఫండ్ రాగానే కడతాను" అంటే కుదరదు. ఎక్స్‌టెన్షన్ పెట్టినా ఫారం వేయడానికే గడువు పెరుగుతుంది, డబ్బు కట్టడానికి పెరగదు. ఏడాదిలో ఏమీ కట్ కాలేదు కాబట్టి ఎస్టిమేటెడ్ టాక్స్ (ఏడాది మధ్యలోనే ముందుగా కట్టాల్సిన పన్ను) కట్టలేదని కొంచెం వడ్డీ పడవచ్చు, దానికి సిద్ధంగా ఉండండి.

ఫెడరల్ రిటర్న్‌కి దీనితో సంబంధం లేదు, బాక్స్ 1 (ఫెడరల్ జీతం), బాక్స్ 2 (కట్ అయిన ఫెడరల్ పన్ను) సరిగ్గానే ఉన్నాయి. మీరు స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటున్నారు కాబట్టి న్యూజెర్సీ రిఫండ్ వచ్చాక దాని మీద ఫెడరల్ పన్ను కూడా పడదు.

కంపెనీని అడగాల్సింది రెండు. ఒకటి, సరిచేసిన డబ్ల్యూ-2సి. అది ఇవ్వలేమంటే లెటర్‌హెడ్ మీద ఉత్తరం: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ అడ్రస్‌లో పని చేశారు, న్యూజెర్సీలో ఒక్క రోజు కూడా పని చేయలేదు, విత్‌హోల్డింగ్ (జీతంలోంచి పన్ను కోత) పొరపాటున జరిగింది అని. రెండు, ఈ ఏడాది పేరోల్ ఇప్పుడే మార్చమని. దానికి మీరు ఎన్‌సీ-4 ఫారం (జీతంలోంచి నార్త్ కరోలినా పన్ను కట్ చేయడానికి కంపెనీకి ఇచ్చేది) నింపి ఇవ్వాలి. బాక్స్ 14లో న్యూజెర్సీ అన్‌ఎంప్లాయ్‌మెంట్, ఫ్యామిలీ లీవ్ అని చిన్న కోతలు కూడా ఉంటాయి చూడండి, వాటిని కంపెనీనే వెనక్కి అడగాలి.

---

షికాగో స్టూడెంట్ | ఫిబ్రవరి 15, 2024, రాత్రి 11:55

అన్నా, నాదొక డౌట్. నేను ఎఫ్-1 (స్టూడెంట్ వీసా), ఓపీటీ (చదువు తర్వాత పని అనుమతి) మీద షికాగోలో జాబ్. ఫెడరల్ నాన్‌రెసిడెంట్ ఫారం 1040-ఎన్‌ఆర్ వేశాను. అంటే ఇల్లినాయ్‌లో కూడా నాన్‌రెసిడెంట్ అనే పెట్టాలా? రూమ్మేట్స్ నలుగురూ నాలుగు రకాలుగా చెబుతున్నారు.

---

లైబ్రరీ వాలంటీర్ | ఫిబ్రవరి 16, 2024, ఉదయం 7:10

వద్దు తమ్ముడూ. ఫెడరల్‌లో నాన్‌రెసిడెంట్ అంటే ఇమిగ్రేషన్, రోజుల లెక్క. స్టేట్‌లో నాన్‌రెసిడెంట్ అంటే ఆ స్టేట్‌లో నివాసం లేదని. పేరు ఒకటే, సంగతులు వేరు. ఏడాదంతా షికాగోలో ఉండి పని చేస్తే ఐఎల్-1040 రెసిడెంట్‌గా వెయ్యి, ఫెడరల్ కాపీ జత చెయ్యి. ఇండియా ఒప్పందం కింద 1040-ఎన్‌ఆర్‌లో స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుని ఉంటావు కదా, ఇల్లినాయ్ లెక్క దానికి ముందున్న ఏజీఐ (ఆ డిడక్షన్ తీయకముందు ఆదాయం) నుంచి మొదలవుతుంది, కాబట్టి అది ఇక్కడ పనికిరాదు. రేటు 4.95 శాతం. ఫెడరల్‌లో రిఫండ్ వచ్చి స్టేట్‌లో కొంచెం కట్టమని చూపిస్తే తప్పు చేశానేమో అనుకోకు.

---

బే ఏరియా వదిన | ఫిబ్రవరి 18, 2024, ఉదయం 10:30

పనిలో పనిగా ఇది కూడా చెప్పనివ్వండి, మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. ఇండియాలో ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయా? ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఎన్‌ఆర్‌ఐ ఖాతా) వడ్డీకి ఇండియాలో పన్ను లేదని ఇక్కడ చూపించరు. ఇక్కడ రెసిడెంట్ అయ్యాక అది ఫెడరల్‌లోనూ కాలిఫోర్నియాలోనూ ఆదాయమే. ఎన్‌ఆర్‌ఓ (ఇండియాలో వచ్చే ఆదాయానికి ఎన్‌ఆర్‌ఐ ఖాతా) అయితే అక్కడే 30 శాతం, పైన సెస్సు టీడీఎస్ పోతుంది. ఫెడరల్‌లో ఫారం 1116 వేసి దానికి క్రెడిట్ తీసుకోవచ్చు, కానీ ఇండియా ఒప్పందం ప్రకారం వడ్డీ మీద 15 శాతం వరకే. కాలిఫోర్నియా మాత్రం వేరే దేశానికి కట్టిన పన్నుకి క్రెడిట్ ఇవ్వదు. హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకి పన్ను లేకుండా దాచుకునే ఖాతా) వేసిన డబ్బుకి పన్ను మినహాయింపు కూడా ఇవ్వదు. మా అత్తగారి ఆపరేషన్ కోసమని హైదరాబాద్‌లో దాచిన డిపాజిట్ వడ్డీకి మేము మూడు చోట్లా లెక్క చెప్పాం.

ఇండియా నుంచి గానీ, వేరే స్టేట్ నుంచి గానీ ఏడాది మధ్యలో కాలిఫోర్నియా వచ్చినవాళ్ళు ఏడాదంతా ఉన్నవాళ్ళ ఫారం 540 కాకుండా 540ఎన్‌ఆర్ వేయాలి, అది గుర్తుపెట్టుకోండి.

---

షార్లెట్‌లో సిక్కోలు | మార్చి 24, 2024, సాయంత్రం 5:20

అప్‌డేట్. మొదటి మెయిల్‌కి పేరోల్ వాళ్ళు "మా ఉద్యోగులందరికీ న్యూజెర్సీలోనే చేస్తాం" అని ఒక్క ముక్క రాశారు. చదివి రెండు రోజులు ఊరుకున్నాను, నిజం చెప్పాలంటే భయపడ్డాను. మా ఆవిడే కూర్చోబెట్టి రెండో మెయిల్ రాయించింది. కోపంగా ఏమీ లేదు. "నా ఎల్‌సీఏలో పని ప్రదేశం షార్లెట్ అని ఉంది, కాపీ జత చేశాను. నేను నార్త్ కరోలినాకి పన్ను కట్టాలి, దానికి మీ నుంచి ఈ ఉత్తరం కావాలి. డ్రాఫ్ట్ నేనే రాశాను, సంతకం చేసి పంపగలరు" అని నాలుగు లైన్లు.

మూడో రోజున సంతకం చేసిన ఉత్తరం వచ్చింది. డబ్ల్యూ-2సి ఇవ్వలేదు, ఏప్రిల్ నుంచి పేరోల్ నార్త్ కరోలినాకి మారుస్తామన్నారు, ఎన్‌సీ-4 పంపేశాను.

నిన్న డైనింగ్ టేబుల్ మీద 26 పేస్టబ్‌లు వరసగా పరిచి కూడాం. మార్చి 20 తర్వాతవి 81,900, వాలంటీర్ అన్న లెక్కకి వంద తేడా. ఒక పేస్టబ్ సగం డల్లాస్‌ది, సగం షార్లెట్‌ది, దాన్ని రోజుల లెక్కన విడదీశాం. నార్త్ కరోలినాకి కట్టేశాను. న్యూజెర్సీది కాగితం మీద పంపాను: ఫారం, డబ్ల్యూ-2, ఉత్తరం, ఎల్‌సీఏ, రెండు ఊళ్ళ లీజు మొదటి పేజీలు. సర్టిఫైడ్ మెయిల్ రసీదు ఫ్రిజ్ మీద మాగ్నెట్‌తో పెట్టాను.

---

ఎడిసన్ అక్క | మార్చి 24, 2024, సాయంత్రం 6:02

మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పు. పంపిన ప్రతి కాగితానికీ స్కాన్ ఉంచుకో, వాళ్ళు మళ్ళీ అడుగుతారు.

---

షార్లెట్‌లో సిక్కోలు | ఆగస్టు 4, 2024, ఉదయం 9:15

అక్క చెప్పినట్టే జూన్‌లో న్యూజెర్సీ నుంచి ఉత్తరం వచ్చింది, పని ప్రదేశానికి రుజువు పంపమని. పంపినవే మళ్ళీ పంపాను, క్లయింట్ మేనేజర్ ఇచ్చిన ఒక మెయిల్ కూడా కలిపి. గురువారం 3,940 అకౌంట్లో పడింది. లెక్క వేసి చూపించిన వాలంటీర్ అన్నకి, ఎడిసన్ అక్కకి, ర్యాలీ అన్నకి మా ఇద్దరి తరఫునా కృతజ్ఞతలు.

---

అట్లాంటా కొత్త | ఆగస్టు 4, 2024, రాత్రి 10:48

థ్రెడ్ మొత్తం చదివి ఇప్పుడే నా పేస్టబ్ తీసి చూశాను. నేను జూన్ నుంచి అట్లాంటాలో ఉన్నాను. పైన ఎన్‌జే అనే ఉంది. చేతులు చల్లబడిపోయాయి.

---

షార్లెట్‌లో సిక్కోలు | ఆగస్టు 4, 2024, రాత్రి 11:03

మీరు ఆగస్టులోనే చూశారు, నేను తర్వాతి ఫిబ్రవరిలో చూశాను. రెండు నెలలదే కాబట్టి కంపెనీ తలచుకుంటే ఈ ఏడాదిలోనే పేరోల్‌లో సరిచేయవచ్చు, అప్పుడు డబ్ల్యూ-2 సరిగ్గానే వస్తుంది. జార్జియాకి ఇవ్వాల్సిన ఫారం పేరు జీ-4. రేపు ఉదయం మెయిల్ పెట్టండి, ఎల్‌సీఏ కాపీ జత చేయండి. నా రెండో మెయిల్‌లో పేర్లు తీసేసి మీకు ఇక్కడే మెసేజ్‌లో పంపుతున్నాను, ఊరు పేరు మార్చుకుంటే చాలు.